ల్యాప్‌టాప్ కాలిపోతోంది, ఆగిపోతోంది: ఈ రెండూ ఒకే జబ్బు కాకపోవచ్చు

ఏప్రిల్ వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో కంప్యూటర్ రిపేరు షాపులకు వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. "ఏటో గానండీ, పది నిమిషాలు ఆడతాది, కింద సెయ్యెట్టలేం, టప్పుమని ఆగిపోతాది." ఒక షాపులో ప్రాసెసర్ మీద పూసే పేస్ట్ మార్చాలంటారు. రెండో షాపులో బ్యాటరీ పోయిందంటారు. మూడో చోట ఏకంగా మదర్‌బోర్డే పోయిందంటారు. ముగ్గురూ నిజాయితీగానే చెబుతూ ఉండొచ్చు, ఎందుకంటే ఉన్నట్టుండి ఆగిపోవడమనే లక్షణానికి మూలాలు చాలా ఉన్నాయి. వేడి, ఆగిపోవడం ఒకేసారి కనబడేసరికి మొదటిదే రెండోదానికి కారణమని అనుకుంటాం. జ్వరంతో ఉన్న మనిషి సొమ్మసిల్లి పడిపోతే అది జ్వరంవల్ల కావచ్చు, రెండు రోజులుగా ఏమీ తినకపోవడంవల్లా కావచ్చు. ల్యాప్‌టాప్ విషయంలో ఆ తేడా తెలుసుకోవడానికి యంత్రాన్ని విప్పక్కర్లేదు. చాలావరకు అది తనంతట తానే రాసిపెట్టుకుంటుంది.

వేడి ఎక్కడ పుడుతుంది, ఏ దారిన బయటపడుతుంది

ప్రాసెసర్ వాడుకునే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. పల్చటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ నిలకడగా 15 వాట్ల దగ్గర పనిచేస్తూ, అవసరమైనప్పుడు కొన్ని సెకన్లపాటు 30 నుంచి 60 వాట్ల దాకా ఎగబాకుతుంది. దీన్నే టర్బో, బూస్ట్ అంటారు. గేమింగ్ మోడళ్లలో ప్రాసెసర్‌కు 45 వాట్లు, దాని పైన గ్రాఫిక్స్ చిప్‌కు విడిగా 60 నుంచి 140 వాట్లు. ఇంత వేడీ గోరంత వెడల్పున్న సిలికాన్ ముక్కలో పుడుతుంది.

అక్కణ్ణుంచి అది వరసగా ఐదు చేతులు మారుతుంది. చిప్ మీద పూసిన థర్మల్ పేస్ట్, దానిమీద స్క్రూలతో బిగించిన రాగి పలక, ఆ పలకకు అతికిన హీట్ పైపు, పైపు చివర దగ్గర దగ్గరగా పేర్చిన పల్చటి రేకులు, ఆ రేకుల గుండా గాలిని తోసే ఫ్యాన్. హీట్ పైపు గట్టి రాగి కడ్డీ కాదు. లోపల బోలుగా ఉంటుంది, తక్కువ ఒత్తిడిలో కొద్దిగా నీరు వేసి మూసేస్తారు. చిప్ దగ్గర ఆ నీరు ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి నీరై, పైపు లోపలి గరుకు పొర గుండా వెనక్కి పాకుతుంది. అందుకే విప్పేటప్పుడు పైపు వంగిపోతే పైకి ఏమీ కనబడకపోయినా అది పనికిరాకుండా పోవచ్చు.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి చెడినా బయటికి కనిపించే లక్షణం ఒకటే: వేడి. ఏది చెడిందన్నది మాత్రం వేడి ఎక్కే తీరునుబట్టి తెలుస్తుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఆగిపోవడానికి ముందు యంత్రం ఎక్కే మూడు మెట్లు

చిప్ వేడెక్కితే మొదట ఫ్యాన్ వేగం పెరుగుతుంది. అదీ చాలకపోతే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీనికి థ్రాట్లింగ్ అని పేరు. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో ఎక్కువవాటికి ఈ హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ చిప్‌లకు మోడల్‌ను బట్టి 95 నుంచి 105. కాబట్టి వీడియో ఎడిటింగ్ నడుస్తుండగా 92 డిగ్రీలు కనబడితే హడలిపోనక్కర్లేదు. తయారీదారు అనుమతించిన పరిధిలోనే ఉంది. అదే 92 ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు కనబడితే మాత్రం ఏదో చెడినట్టే.

మూడో మెట్టు ఆపేయడం. ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఉష్ణోగ్రత ప్రమాదస్థాయికి చేరిందని బయోస్ (విండోస్ కన్నా ముందే లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) చెబితే విండోస్ ఒక నమోదు రాసి తానే ఆపేస్తుంది. అంత సమయం కూడా లేకపోతే చిప్ నేరుగా కరెంటు కోసేయమని సంకేతమిస్తుంది. అప్పుడు తెర టక్కున నల్లబడుతుంది, యంత్రం రాసుకునే చిట్టాలో (లాగ్‌లో) కారణమేమీ మిగలదు.

థ్రాట్లింగ్ సరిగ్గా పనిచేస్తున్న యంత్రం వేడెక్కితే నత్తనడక నడుస్తుంది గానీ మామూలుగా ఆగిపోదు. వేడివల్లే ఆగిపోతోందంటే చల్లబరిచే దారిలో ఏదో ఒకటి పూర్తిగా తెగిపోయి ఉండాలి, లేదా చిప్ కాకుండా కరెంటు సరఫరా భాగాలో బ్యాటరీయో వేడెక్కుతూ ఉండాలి. "కొంచెం దుమ్ము పట్టింది, అందుకే ఆగిపోతోంది" అన్న మాట చాలాసార్లు లెక్కకు నిలవదు. లెక్క చూద్దాం.

మన ఎండలు ఎంత, దుమ్ము ఎంత: అంకెల్లో

చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లు పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రతకు 35 డిగ్రీలే పైహద్దుగా రాస్తాయి. మే నెలలో బొబ్బిలి, పాలకొండ వైపు రేకుల షెడ్డులో గానీ, పై అంతస్తు స్లాబు కింద గానీ మధ్యాహ్నం గది 38 దాటడం వింతేమీ కాదు. అంటే యంత్రం ఆన్ చేయకముందే హద్దు దాటేశాం.

సుమారు లెక్కకు ఒక సూత్రం చాలు. చిప్ ఉష్ణోగ్రత అంటే గది ఉష్ణోగ్రతకు, ఒక్కో వాటుకు పెరిగే డిగ్రీలను వాట్లతో హెచ్చవేసి కలపడమే. శుభ్రంగా ఉన్న ఒక పల్చటి ల్యాప్‌టాప్‌లో వాటుకు 3 డిగ్రీలు పెరుగుతుందని అనుకుందాం. 15 వాట్ల పనికి 45 డిగ్రీల పెరుగుదల. డిసెంబరులో 26 డిగ్రీల గదిలో చిప్ 71 దగ్గర, మే నెలలో 38 డిగ్రీల గదిలో 83 దగ్గర ఉంటుంది. రెండూ క్షేమమే. 100 డిగ్రీల హద్దు దాటకుండా నిలకడగా వాడుకోగల శక్తి డిసెంబరులో 24.7 వాట్లు, మేలో 20.7 వాట్లు. ఒక్క ఎండే ఆ యంత్రం సత్తువలో 16 శాతం కోసేసింది. అయినా ఆపలేదు.

ఇప్పుడు రేకుల మధ్య దుమ్ము పేరుకుని వాటుకు 5 డిగ్రీలు పెరుగుతోందనుకోండి. 38 డిగ్రీల గదిలో హద్దులోపల దొరికేది 12.4 వాట్లే. యంత్రం నీరసపడుతుంది, ఫ్యాన్ ఎడతెగకుండా హోరెత్తుతుంది, వీడియో కాల్‌లో మాట తెగుతుంది. ఆగిపోవడం మాత్రం ఇంకా లేదు.

ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయినా, రాగి పలక చిప్‌కు ఆనకుండా లేచిపోయినా వాటుకు 15 డిగ్రీలు పెరుగుతుందనుకుందాం. ఇప్పుడు మిగిలేది 4.1 వాట్లు. ఏ పనీ లేకుండా ఉన్నప్పుడే చిప్‌కు రెండు నుంచి ఐదు వాట్లు కావాలి. ఇక తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు. బ్రౌజర్ తెరిస్తే చాలు, హద్దు దాటి ఆగిపోతుంది. వేడివల్ల నిజంగా ఆగిపోయే యంత్రాల్లో ఎక్కువ ఈ మూడో కోవలోనివే. ఎండ దాన్ని బయటపెడుతుందే తప్ప పుట్టించదు. చలికాలం గదిలో 5 వాట్ల దాకా నెట్టుకొచ్చిన యంత్రం ఎండాకాలం 4 వాట్లకు చతికిలబడుతుంది.

యంత్రం రాసుకున్న చిట్టా చదవడం

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే భాగం ఉంది. అందులో విండోస్ లాగ్స్, దానికింద సిస్టమ్ అన్న విభాగంలో ప్రతి ఆగుడికీ ఒక అంకె పడుతుంది. ఆగిపోయిన సమయాన్ని గుర్తుపెట్టుకుని అక్కడికి వెళితే సగం సంగతి తేలిపోతుంది.

86 అంకెతో, కెర్నల్-పవర్ పేరుతో, ప్రమాదకర ఉష్ణోగ్రతవల్ల ఆపామని ఉంటే ఇక వాదన లేదు, అది వేడే. ఎక్కువమందికి కనిపించేది 41. దాని అర్థం "సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ మొదలైంది" అని మాత్రమే. కారణం అది చెప్పదు. 41 కనబడగానే పవర్ సప్లై పోయిందని తేల్చేసేవాళ్లున్నారు, అది తొందరపాటు. 41ని తెరిచి వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ అన్న వరస చూడాలి. సున్నా ఉంటే విండోస్‌కు ఏమీ తెలియకముందే కరెంటు తెగిందని గానీ, యంత్రం బిగుసుకుపోయిందని గానీ అర్థం. సున్నా కాని అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చింది, అప్పుడు ర్యామ్, డ్రైవర్లు, ఎస్ఎస్‌డీ వైపు చూడాలి. అక్కడే పవర్ బటన్ సమయం నమోదై ఉంటే ఎవరో బటన్ నొక్కిపట్టి ఆపారన్నమాట. ఇంట్లో పిల్లలుంటే ఇది ముందు చూడటం మంచిది.

1074 ఉంటే ఏదో ప్రోగ్రామో మనిషో పద్ధతిగా ఆపినట్టు, అప్‌డేట్ల తర్వాత రీస్టార్ట్ అయినా ఇదే పడుతుంది. 42 ఉంటే యంత్రం ఆగలేదు, నిద్రలోకి వెళ్లింది. 37 వరసగా పడుతుంటే ప్రాసెసర్ వేగాన్ని బయోస్ తగ్గిస్తోందని అర్థం. ఆగుడికి ముందు 37లు బారులు తీరి ఉంటే వేడి మీద అనుమానం పెంచుకోవచ్చు. కాకపోతే చార్జర్‌ను గుర్తుపట్టనప్పుడు కూడా బయోస్ వేగం తగ్గించగలదు గనక అదొక్కటే రుజువు కాదు.

చిట్టాతోపాటు ఉష్ణోగ్రత నమోదు కూడా ఉంటే అనుమానం మిగలదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ప్రతి రెండు సెకన్లకు ఒకసారి అన్ని సెన్సర్ల అంకెలనూ ఫైల్లో రాస్తుంది. ఆగిపోయాక మళ్లీ ఆన్ చేసి ఆ ఫైల్లో చివరి వరసలు చదవాలి. లినక్స్ వాడేవారికి ఎల్ఎం-సెన్సర్స్ ఆ అంకెలను చూపిస్తుంది.

రెండు యంత్రాలను ఊహించుకుందాం. మొదటిదాని చివరి వరసల్లో చిప్ 99, 100, 100, ఫ్యాన్ వేగం సున్నా. ఆన్ చేసిన రెండు నిమిషాలకే మళ్లీ ఆగింది, పావుగంట చల్లారనిస్తే ఇంకో పది నిమిషాలు నడిచింది. ఇది వేడి, అందులోనూ ఫ్యాన్. రెండోదాని చివరి వరసలో చిప్ 62, ఫ్యాన్ నిమిషానికి 2,800 చుట్లు. చార్జర్ తీసిన మరుక్షణం పోయింది, చార్జర్ పెట్టగానే ఏ ఇబ్బందీ లేకుండా లేచింది. అడుగు చేతికి వేడిగా తగిలినా ఇది వేడి జబ్బు కాదు. దీనికి పేస్ట్ మార్చితే డబ్బు ఖర్చవుతుంది, ఆగుడు అలాగే ఉంటుంది.

వేడి ఎక్కే వేగం ఏం చెబుతుంది

ప్రాసెసర్ మీద ఒక్కసారిగా పూర్తి భారం వేసి ఉష్ణోగ్రత చూస్తే లోపం ఎటువైపుందో తెలుస్తుంది. రెండు మూడు సెకన్లలో 50 నుంచి 95కు దూకి, పని ఆపగానే అంతే వేగంగా పడిపోతే వేడి చిప్‌ను దాటి రాగి పలకలోకి పోవడం లేదు. పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా పలక సరిగ్గా ఆనడం లేదు. ఐదు పది నిమిషాలు నెమ్మదిగా ఎక్కి, ఆపాక కూడా నెమ్మదిగా దిగితే వేడి రాగిలోకి వెళుతోంది గానీ గాలిలోకి పోవడం లేదు. అది దుమ్ము, ఫ్యాన్, లేదా మూసుకుపోయిన గాలి రంధ్రాలు.

ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలను కోర్లు అంటారు. వాటి ఉష్ణోగ్రతల మధ్య తేడా ఇంకో ఆనవాలు. ఒకే భారం మీద ఒక కోర్ 78, ఇంకొకటి 96 ఉంటే పలక ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు, లేదా పేస్ట్ ఒక మూల ఖాళీ అయి ఉండొచ్చు. ఐదారు డిగ్రీల తేడా మామూలే, పట్టించుకోనక్కర్లేదు.

ఫ్యాన్‌ను చెవితోనే చాలావరకు పరీక్షించొచ్చు. గరగరమంటూ, కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంటే బేరింగ్ అరిగింది. హోరు బాగా వినబడుతూ, గాలి బయటికి వచ్చేచోట చెయ్యి పెడితే గాలి తగలకపోతే ఫ్యాన్ బాగానే ఉంది, ముందున్న రేకులు పూడుకుపోయాయి. కొన్ని హెచ్‌పీ మోడళ్లు ఫ్యాన్ తిరగకపోతే ఆన్ చేయగానే 90బీ అన్న హెచ్చరిక చూపుతాయి.

దుమ్ములన్నీ ఒకటి కాదు

వచ్చే దుమ్ము ఎలాంటిదన్నదానిమీద ఎంత త్వరగా పూడుకుంటుందన్నది ఆధారపడుతుంది. నెల్లిమర్ల, రాజాం, బొబ్బిలి వైపు జూట్ మిల్లుల పరిసరాల్లో గాలిలో నార పీచు తేలుతుంది. పరుపు మీద పెట్టుకుని వాడే ల్యాప్‌టాప్‌లోకి దూది పీచు వెళుతుంది. పీచే అన్నిటికన్నా చెడ్డది. ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య అల్లుకుని ఒక మందపాటి పొర కడుతుంది, ఆ పొర మీద మిగతా దుమ్మంతా ఆగుతుంది. రైసు మిల్లుల దగ్గర ఊక ధూళి, టెక్కలి వైపు గ్రానైటు పాలిషింగ్ పొడి మెత్తగా ఉంటాయి. ఒట్టి పొడి అయితే చాలావరకు గాలితోపాటు బయటికే పోతుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కాల్చే చోట వచ్చే పొగలో నూనె జిడ్డు ఉంటుంది. వంటింటి తాలింపు పొగ, రోజూ వేసే సాంబ్రాణి కూడా ఇదే పని చేస్తాయి. జిడ్డు పట్టిన రేకుల మీద పొడి దుమ్ము కూడా అతుక్కుపోయి గాలి ఊదితే కదలదు. దాన్ని విప్పి బ్రష్‌తో తీయాల్సిందే. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి రేకులను పూడ్చదు గానీ ఫ్యాన్ కనెక్టర్ పిన్నుల మీద తుప్పు పట్టించగలదు. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఒకసారి తిరగకపోతే కొత్తది కొనేముందు ఆ కనెక్టర్ తీసి శుభ్రం చేసి చూడటం దండగ కాదు.

బ్లోయర్ వాడొచ్చా లేదా అన్నదాని మీద టెక్నీషియన్లే రెండు వర్గాలు. బయటి నుంచి గాలి కొడితే ఫ్యాన్ హద్దు దాటి తిరిగి బేరింగ్ పాడవుతుందని, ఫ్యాన్ మోటారే జనరేటరులా మారి బోర్డుకు ఎదురు కరెంటు పంపుతుందని ఒక వాదన. ఏళ్ల తరబడి అలాగే చేస్తున్నామని, ఏ బోర్డూ కాలలేదని ఇంకొకరు. బేరింగ్ దెబ్బతినడం మాత్రం నిజమైన ప్రమాదమే. ఒక సన్నపుల్లతో రెక్కలను కదలకుండా పట్టుకుని ఊదితే రెండు భయాలూ పోతాయి. అసలు ఇబ్బంది వేరే ఉంది. బయటి రంధ్రం నుంచి ఊదితే రేకుల వెనకున్న పీచుపొర బయటికి రాదు, ఫ్యాన్ మీదికి వెనక్కి పడుతుంది. రెండు రోజుల్లో మళ్లీ అదే చోట పేరుకుంటుంది. అడుగు మూత విప్పి, ఫ్యాన్ స్క్రూలు తీసి, ఆ పొరను చిన్న పట్టకారుతో పట్టుకుని లాగితే ఒక్క ముక్కగా వస్తుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి మాత్రం ఎవరూ సమర్థించరు. ఆ గాలిలో నీటి తుంపర, నూనె ఉంటాయి, ఒత్తిడికి చిన్న కనెక్టర్లు ఊడిపోతాయి.

పేస్ట్ గొడవ

ఏటా మార్చాలని కొందరు, యంత్రం బతికున్నంతకాలం ముట్టుకోనక్కర్లేదని కొందరు. ల్యాప్‌టాప్ వేడెక్కి చల్లారే ప్రతిసారీ చిప్, పలక కొద్దికొద్దిగా సాగి ముడుచుకుంటాయి. ఆ కదలికకు పల్చటి పేస్ట్ మధ్యలోంచి అంచులకు జరుగుతుంది. రోజంతా భారీ పని చేసే యంత్రంలో రెండు మూడేళ్లకే ఇది కనబడవచ్చు, టైపింగుకు మాత్రమే వాడేదానిలో ఆరేళ్లకూ కనబడకపోవచ్చు. కాబట్టి క్యాలెండర్ కన్నా పైన చెప్పిన పరీక్ష నమ్మకమైనది. సెకన్లలో దూకితే మార్చాలి, నెమ్మదిగా ఎక్కితే పేస్ట్‌ను వదిలేసి దుమ్ము చూడాలి.

మార్చడంలో చెడగొట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. మూత తీయగానే మొదట పీకాల్సింది బ్యాటరీ కనెక్టర్. పలక స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అచ్చు ఉంటుంది. విప్పేటప్పుడు ఆ వరసకు ఎదురుగా, బిగించేటప్పుడు ఆ వరసలో, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒకే మూల పూర్తిగా బిగిస్తే పలక ఒరుగుతుంది, చిప్ అంచు విరిగే ప్రమాదమూ ఉంది. పాత పేస్ట్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు. మందుల షాపులో దొరికే 70 శాతంలో నీరు ఎక్కువ, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. శానిటైజర్ జెల్ పనికిరాదు, అందులోని గ్లిజరిన్ పొరలా మిగిలిపోతుంది. కొత్త పేస్ట్ బియ్యపు గింజంత చాలు, పెద్ద చిప్‌కు రెండు గింజలంత. ల్యాప్‌టాప్ చిప్ మీద లోహపు టోపీ ఉండదు గనక పల్చగా మొత్తం పరిచి ఒక్క మూల కూడా ఖాళీ లేకుండా చూస్తారు.

పేస్ట్ మార్చాక వేడి ఇంకా పెరిగిందన్న ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం పేస్ట్ కాదు, థర్మల్ ప్యాడ్లు. చిప్ పక్కనున్న కరెంటు సరఫరా భాగాల మీద, గ్రాఫిక్స్ మెమరీ మీద మెత్తటి ప్యాడ్లు ఉంటాయి. వాటి మందం 0.5, 1, 1.5 మిల్లీమీటర్లు ఇలా చోటునుబట్టి మారుతుంది. చిరిగిన 0.5 ప్యాడ్ స్థానంలో చేతిలో ఉన్న 1 మిల్లీమీటరుది వేస్తే పలక అరమిల్లీమీటరు లేచి చిప్‌ను సరిగ్గా తాకదు. అదే ప్యాడ్ వేయకుండా ఒగ్గేస్తే చిప్ 70 డిగ్రీలే చూపిస్తుంది, సరఫరా భాగాలు మాత్రం కాలి యంత్రం హఠాత్తుగా ఆగుతుంది. ఆ భాగాల సెన్సర్ చాలా ల్యాప్‌టాప్‌లలో బయటికి కనబడదు. ఉష్ణోగ్రత బాగానే ఉంది, అయినా భారం పెరగగానే పోతోంది, ఈమధ్యే ఒకసారి విప్పారు అంటే ముందు ప్యాడ్లు చూడాలి.

కొన్ని గేమింగ్ మోడళ్లలో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్, అంటే ద్రవరూపంలో ఉండే లోహం, ఉంటుంది. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు పేస్ట్ అనుకుని తుడిస్తే బొట్టు జారి బోర్డు షార్టవుతుంది. విప్పేముందు మోడల్ నంబరుతో వెతికి చూసుకోవాల్సిన సంగతి ఇది.

వేడితో సంబంధం లేని ఆగుళ్లు

వీటిలో ముందు వరసలో ఉండేది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండుకు /బ్యాటరీరిపోర్ట్ జోడించి (powercfg /batteryreport) నడిపితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 41,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ 15,600 అని ఉంటే బ్యాటరీలో మిగిలింది 38 శాతం. అరిగిన సెల్స్ మీద ఒక్కసారిగా భారం పడితే వాటి వోల్టేజీ కుంగి బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ కోసేస్తుంది. తెర మీద 40 శాతం చూపిస్తుండగానే పోవడానికి కారణం ఇదే.

చార్జర్ పెట్టి ఉన్నా బలహీనమైన బ్యాటరీ ఆపగలదు. చార్జర్ మీద 19.5 వోల్టులు, 2.31 ఆంపియర్లు అని ఉంటే హెచ్చవేయగా వచ్చేది 45 వాట్లు. అదే 3.34 ఆంపియర్లయితే 65. పాత చార్జర్ పోయి, పిన్ సరిపోయిందని 45 వాట్లది కొన్నారనుకుందాం. పని ఎక్కువై ప్రాసెసర్ 40 వాట్లు, తెర, మిగతావి కలిపి 12 వాట్లు లాగితే మొత్తం 52. చాలని 7 వాట్లు బ్యాటరీ ఇవ్వాలి. మంచి బ్యాటరీ ఇస్తుంది, చార్జింగులో ఉన్నా శాతం దిగుతూ కనబడుతుంది. పోయిన బ్యాటరీ ఇవ్వలేదు, యంత్రం ఆగుతుంది. సరిగ్గా భారీ పని మీదే ఆగుతుంది గనక చూసేవాళ్లకు వేడివల్లే అనిపిస్తుంది. టైప్-సీ చార్జర్లలో కేబుల్ కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు కేబుల్ 3 ఆంపియర్ల దాకానే, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లే మోస్తుంది. అంతకు మించాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి.

పల్లెల్లో తరచుగా నింద పడేది లో వోల్టేజీ మీద. ఒరిజినల్ చార్జర్ల మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. లైను 170కి పడిపోయినా వాటికి ఇబ్బంది లేదు, కొంచెం ఎక్కువ వేడెక్కుతాయంతే. నకిలీ చార్జర్ల మీద అదే అచ్చు ఉన్నా లోపల అంత సరుకు ఉంటుందన్న నమ్మకం లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో ల్యాప్‌టాప్ ఆగిపోతుంటే తప్పు ఇన్వర్టర్‌ది కాదు. ఆ చిన్న ఖాళీని నింపాల్సింది ల్యాప్‌టాప్ బ్యాటరీయే.

42 అంకె పడిన కేసుల్లో ఒక సరదా కారణం అయస్కాంతం. మూత మూశారో లేదో తెలుసుకునే సెన్సర్ అయస్కాంతానికి స్పందిస్తుంది. ఫ్లిప్ కవర్ ఉన్న ఫోన్ కీబోర్డు పక్కన పెట్టినా, ఒక ల్యాప్‌టాప్ మీద ఇంకొకటి పెట్టినా మూత మూశారనుకుని నిద్రపోతుంది.

బ్యాటరీ ఉబ్బడం మాత్రం సరదా విషయం కాదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, బల్ల మీద పెడితే యంత్రం ఊగినా, అడుగు మూత కీళ్ల దగ్గర తెరుచుకున్నా వాడకం, చార్జింగ్ రెండూ అక్కడితో ఆపేస్తారు. ఉబ్బిన సెల్‌ను నొక్కినా పొడిచినా మంట లేవొచ్చు. లిథియం బ్యాటరీలకు సాధారణంగా 45 డిగ్రీల పైన చార్జింగ్ పనికిరాదు. ఎండలో నిలిపిన కారులో వదిలి, తెచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టే అలవాటు బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేస్తుంది.

కూలింగ్ ప్యాడ్, ఏసీ, 99 శాతం

గాలి అడుగు నుంచి పీల్చే మోడళ్లలో కూలింగ్ ప్యాడ్ (ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక) కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది, కీబోర్డు పైనుంచి పీల్చేవాటిలో దాదాపు ఏమీ చేయదు. వెనక భాగాన్ని రెండు మూడు సెంటీమీటర్లు లేపితే ఆ ప్రయోజనంలో చాలావరకు ఉచితంగా వస్తుంది. తీరప్రాంతపు ఉక్కపోతలో ఎయిర్ కూలర్ గాలిని పెద్దగా చల్లబరచలేదు, తేమ మాత్రం పెంచుతుంది. ఏసీ గది ఉష్ణోగ్రతను తగ్గించినంత మేరకు చిప్‌నూ తగ్గిస్తుంది, వాటుకు పెరిగే డిగ్రీలను మాత్రం మార్చదు.

పరీక్షకు పనికొచ్చే సెట్టింగ్ ఒకటుంది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99కి తగ్గిస్తే చాలా యంత్రాల్లో టర్బో ఆగుతుంది, వాట్లు బాగా పడిపోతాయి. కొన్ని మోడళ్లలో ఈ వరస కనబడకుండా దాచి ఉంటుంది. దీంతో ఆగుళ్లు మానితే లోపం భారంతో ముడిపడిందని తేలుతుంది. ఆ భారాన్ని తట్టుకోలేనిది చల్లబరిచే దారా, కరెంటు సరఫరానా అన్నది ఉష్ణోగ్రత నమోదు చెప్పాలి. ప్రాసెసర్ వోల్టేజీని తగ్గించే అండర్‌వోల్టింగ్ కూడా ఒకప్పుడు మంచి ఉపాయమే. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతాలోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు.

రిపేరు పనిచేసిందో లేదో కొలవడం

షాపులో "చూడండి, 98 ఉండేది 80కి దిగింది" అని చూపిస్తారు. ఆ అంకెలో షాపు ఏసీ వాటా ఎంతో తీసేయాలి. ఇంట్లో 37 డిగ్రీల గదిలో, 12 వాట్ల భారం మీద 98 ఉందనుకుందాం. గది కంటే 61 ఎక్కువ. షాపులో 29 డిగ్రీల దగ్గర, అదే 12 వాట్ల మీద 80 అంటే గది కంటే 51 ఎక్కువ. చూపించిన 18 డిగ్రీల్లో 8 ఏసీవి, 10 పనివి. వాటుకు 5.1 నుంచి 4.25కు తగ్గింది. మెరుగే, కానీ శుభ్రమైన పల్చటి యంత్రానికి మనం వేసుకున్న 3తో పోలిస్తే ఇంకా ఎక్కడో అడ్డు ఉన్నట్టే. వాట్లు చూడకుండా డిగ్రీలు మాత్రమే పోల్చితే ఇంకో మోసం జరుగుతుంది. టర్బో ఆపేసి ఇచ్చినా ఉష్ణోగ్రత దిగుతుంది, యంత్రం మాత్రం నెమ్మదిస్తుంది. అందుకే రిపేరుకు ఇచ్చేముందు ఇంట్లో పది నిమిషాల భారం మీద గది ఉష్ణోగ్రత, చిప్ ఉష్ణోగ్రత, వాట్లు, ఫ్యాన్ వేగం ఈ నాలుగూ రాసి ఉంచుకుని, తెచ్చాక అదే గదిలో, అదే వేళకు, అదే పరీక్షతో మళ్లీ రాసి పోల్చుతారు.